వసారాలో రెండో పొయ్యి

ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు మా ఆయన. ఆయన పోయి ఏడాది దాటింది. మిగిలింది నేను. ఇన్నేళ్లూ ఈ బరువును ఇద్దరం చెరో పక్క పట్టుకుని మోస్తున్నట్టు ఉండేది. ఆయన వదిలేసి వెళ్లాక మొత్తం నా మీదికే వచ్చింది. పూజ దగ్గర కూర్చున్నా అదే గుర్తొస్తుంది, బియ్యం ఏరుతున్నా అదే. ఎవరితోనైనా చెప్పుకోవాలి. మా వీధిలో చెప్పుకుంటే పొద్దుగూకేలోపల ప్రొద్దుటూరంతా తెలిసిపోతుంది. అందుకని మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. నా పేరు రాయను. నా కొడుకు అసలు పేరు కూడా రాయను, శీనయ్య అంటాను.

నేను చదివింది ఐదో తరగతి. నా చేతిరాత చూస్తే మీకు నవ్వొస్తుంది. నోరు మాత్రం చిన్నప్పటినుంచీ బాగా ఆడేది. పుట్టింట్లోనూ, అత్తగారింట్లోనూ నా నోటికి జంకని మనిషి లేడు. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేలోపల జవాబు నా నాలుక మీద సిద్ధంగా ఉండేది. దాన్ని తెలివి అనుకునేదాన్ని. అందరూ అట్లాగే అనేవాళ్లు, నేను నమ్మాను.

మాకు జవుళి అంగడి ఉండేది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో శీనయ్య అనంతపురంలో చదువు ముగించుకుని ఇంటికొచ్చాడు. ఒక్కడే కొడుకు. అంగట్లో తన పక్కన కూర్చుంటాడని మా ఆయన ఆశపడ్డాడు. వాడికి గజంబద్ద పట్టుకోవడం ఇష్టం లేదు. పులివెందుల దగ్గర రాతినార తీసే గనిలో ఉద్యోగం సంపాదించుకున్నాడు. ఒకసారి ఆ రాయిముక్క తెచ్చి నాకు చూపించాడు. గోటితో గీకితే రాయిలోంచి తెల్లటి పీచు వచ్చింది. ఇదేం విడ్డూరం, దీంతో చీరలు నేస్తారా అని అడిగితే పడీపడీ నవ్వాడు. జీతం మంచిదే. మా అంగట్లో ఉన్న గుమాస్తాలందరికీ కలిపి అంత ఇచ్చేవాళ్లం కాదు.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. కొడుకు ఎంత పెద్ద ఉద్యోగం చేసినా జీతం తెచ్చి తండ్రి చేతిలో పెడతాడు. తండ్రి కళ్లకద్దుకుని అంగట్లో గల్లాపెట్టెలో వేస్తాడు. ఇది ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు. శీనయ్య కూడా తన తిండికి, బస్సు చార్జీకి ఉంచుకుని మిగతాది నెలనెలా తెచ్చి ఇచ్చేవాడు. మొదటి జీతం తెచ్చిన రోజు నేను పాయసం చేశాను. మా ఆయన ఆ రోజు అంగడి తొందరగా కట్టేసి వచ్చి కొడుకు పక్కన కూర్చుని తిన్నాడు. మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన సాయంత్రం మళ్లీ రాలేదనే చెప్పాలి.

గల్లాపెట్టెలో వేయడమే తప్పయింది. ఏటేటా అంగడి ఆదాయానికి మా ఆయన కడపకు ఇన్‌కంటాక్సు కాగితాలు పంపేవాడు. ఆ ఏడు వాటిని రాసే వకీలు, అంగట్లోకి వచ్చిన ఈ డబ్బు ఎక్కడిదని అడిగాడు. కొడుకు జీతమని ఈయన గొప్పగా చెప్పాడు. వకీలు తల పట్టుకున్నాడట. వాడి జీతం వాడి దగ్గరే ఉంచుకుని, వాడి పేరున వాడు కాగితం దాఖలు చేసుకుంటే ఏ గొడవా లేదట. అంగడి సొమ్ములో కలిపేశారు కాబట్టి అది ఉమ్మడి కుటుంబం ఆదాయం కిందికి వస్తుందట. అంగడి లాభం, వాడి జీతం ఒకేచోట కూడితే పన్ను పై మెట్టుకు పోతుంది. దీనికి వకీలు చూపిన దారి ఒకటే. తండ్రీ కొడుకులు వేరుపడ్డారని, అంగట్లో కొడుకు భాగం కొడుక్కి పోయిందని చూపిస్తే, ఒక పెద్ద ఆదాయం రెండు చిన్న ఆదాయాలవుతుంది.

శీనయ్యకు ఇది నచ్చలేదు. ఎంతయితే అంత కట్టేస్తే పోతుంది కదా అన్నాడు. నా జీతానికి నేను కట్టుకుంటాను, నీ అంగడికి నువ్వు కట్టు, వేరుపడ్డామని అబద్ధం ఎందుకు అని అడిగాడు. మా ఆయనకు కోపమొచ్చింది. నాలుగు అక్షరాలు వచ్చేసరికి తండ్రికి నీతులు చెప్తున్నాడని రుసరుసలాడాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది చూడలేక నేనే శీనయ్యను బతిమాలాను. కాగితమే కదా నాయనా, కాగితం మీద వేరైతే మనం వేరైపోతామా అన్నాను. వాడు సంతకం పెట్టాడు. పెట్టి, వంటింటి గడప దగ్గరికొచ్చి, ఇంక నీ చేతి అన్నం నాకు లేదంట కదమ్మా అని ఎగతాళి చేశాడు. నేను గరిటెతో కొట్టబోయాను.

వేరుపడ్డవాళ్లకు పొయ్యి వేరుగా ఉండాలి. ఇల్లు ఒకటే అయినా పర్వాలేదు గాని పొయ్యి ఒకటైతే ఆఫీసువాళ్లు నమ్మరని వకీలు చెప్పాడు. అందుకని నేను వెనక వసారాలో ఒక మూల మట్టిపొయ్యి వేశాను. పక్కన రెండు గిన్నెలు, ఒక చెంబు పెట్టాను. కొత్తగా కనబడకూడదని నాలుగైదు రోజులు దాని మీద నీళ్లు కాచి మసి పట్టించాను. చిన్నపిల్లలు బొమ్మలాట ఆడుకున్నంత సరదాగా చేశాను ఆ పని. శీనయ్య ఎప్పుడొచ్చినా నా వంటింట్లోనే, నా పక్కనే పీట వేసుకుని తినేవాడు. ఆ పొయ్యిని చూసినప్పుడల్లా, ఇదిగో మా కాపురం అని నవ్వేవాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లోనే వాడికి జమ్మలమడుగు సంబంధం మాట్లాడుతున్నాం. జాతకాలు కుదిరాయి. తాంబూలాలు పుచ్చుకోవడమే మిగిలింది. నేను వెళ్లి పిల్లను చూసి వచ్చాను. చామనచాయ, పెద్ద జడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. నాకు మజ్జిగ ఇస్తూ, కరివేపాకు పంటికింద పడుతుందేమో అని వడగట్టి తెచ్చింది. అంత చిన్న సంగతికి నేను పడిపోయాను. ఈ పిల్లే నా కోడలు అని అక్కడే వాళ్లమ్మ చేయి పట్టుకుని చెప్పాను. శీనయ్యకు కూడా మనసైంది. పైకి చెప్పేవాడు కాదు. ఊరికే జమ్మలమడుగు మాట తెచ్చేవాడు, అక్కడ వానపడిందా, పెన్నకు నీళ్లొచ్చాయా అని. పెన్న మన ఊరి పక్కన కూడా పారుతుంది కదరా అని నేను ఆటపట్టించేదాన్ని.

అట్లా ఉండగా కడపనుంచి ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చాడు. శీనయ్య పులివెందులలో ఉన్నాడు. సాక్ష్యానికి మా ఆయన పక్కింటి పెద్దాయనను పిలుచుకొచ్చాడు. ఆయన మా వాళ్లలో పెద్దమనిషి. వీధి వీధంతా మామా అని పిలిచేది. ఆయనకు ఈ నాటకం తెలియదు. నిజంగానే వేరుపడ్డారనుకున్నాడు. మనవాడే కాబట్టి మనకు అనుకూలంగా చెప్తాడని మా ఆయన ధైర్యం.

ఇన్‌స్పెక్టరు నెమ్మదైన మనిషి. చెప్పులు బయట వదిలి, వసారా అంతా తిరిగి చూశాడు. రెండో పొయ్యి దగ్గర నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, నవ్వుతూనే అడిగాడు. కొడుకు వారానికో, పదిరోజులకో ఒక పూట వస్తాడు, ఆ ఒక్క పూటకు వాడికి వేరే పొయ్యి పెట్టే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని.

మా ఆయన మొహం పాలిపోయింది. ఉద్యోగం దూరం, వేళకు రాడు, అందుకని వేరుపడ్డాం అని చెప్పమని వకీలు నేర్పాడు. ఆ మాట ఆయన నోట్లోనే ఆగిపోయింది. మామ కూడా ఇన్‌స్పెక్టరు అడిగింది న్యాయమే అన్నట్టు నా వైపు చూశాడు. నిజమే కదా. ఏ తల్లి పెడుతుంది? ఏం జరిగితే పెడుతుంది? నేను ఆలోచించానని కూడా చెప్పలేను. జవాబు ఎప్పటిలాగే నాలుక మీదికి వచ్చేసింది.

"వాడు నీసు తింటాండాడు సార్," అన్నాను. "గనిలో చేరినాక మరిగినాడు. నా వంటింట్లోకి రానీను."

మా ఇళ్లలో మాంసం అనే మాట నోటితో పలకం. నీసు అని కూడా గొంతు తగ్గించి అంటాం. అటువంటిది కన్నతల్లి పరాయి మగవాళ్ల ముందు కొడుకు గురించి అంది. ఇంక దాన్ని ఎవరు కాదంటారు? ఇన్‌స్పెక్టరు నవ్వు పోయింది. తల వంచుకుని రాసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ నాకు రెండు చేతులూ జోడించాడు. నా మీద జాలిపడ్డాడు. నేను పైట చెంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ కన్నీళ్లు నిజమైనవే. అబద్ధం చెప్తూ నిజంగా ఎట్లా ఏడ్చానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు రాయబోయేది ఇంకా కష్టం. ఆ సాయంత్రం నేను సంతోషంగా ఉన్నాను. మా ఆయన అందరినీ సాగనంపి లోపలికొచ్చి, నీకున్న తెలివి మా వకీలుకు లేదే అన్నాడు. కాపురానికి వచ్చినప్పటినుంచీ అంగడి సంగతుల్లో నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు. ఆరోజు అంగడిని కాపాడింది నేను. ఆయన నోటితో ఆ మాట విన్నాను. నాకెంత గర్వంగా ఉందంటే, వంటచేస్తూ ఆ మాటను మళ్లీమళ్లీ లోపలే అనుకుని మురిసిపోయాను. కొడుకు గురించి ఏం చెప్పానో ఆ పూట గుర్తే లేదు. కాగితం మీది అబద్ధానికి ఇంకో అబద్ధం తోడైంది, అది కూడా కడపలో ఏదో బీరువాలోకి పోతుంది అనుకున్నాను. పక్కన మామ ఉన్నాడని, ఆయనకు చెవులున్నాయని తోచలేదు. అంత తెలివి నాది.

మామ చెడ్డవాడు కాదు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను. ఆయన కూతుర్ని జమ్మలమడుగులోనే ఇచ్చారు, మేము అనుకున్న పిల్ల ఇంటివాళ్లు ఆ అత్తగారింటికి బంధువులు. తెలిసి తెలిసి ఒక ఆడపిల్లను అట్లాంటి ఇంటికి పంపడం పాపం అనుకున్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. రహస్యంగా ఒక్కరికే చెప్పాడట. ఆ ఒక్కరు పిల్ల తండ్రి.

కడపలో మా కాగితాలు ఒప్పుకున్నారు. మా ఆయన ఇంటికి మల్లెపూలు తెచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు జమ్మలమడుగునుంచి కబురొచ్చింది, జాతకం మళ్లీ చూపిస్తే కుదరలేదని. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. మా ఆయనకూ అర్థమైంది. నేను వెళ్లి నిజం చెప్పొస్తానంటే నా చేయి పట్టుకుని ఆపాడు. ఇప్పుడు కాదంటే ఆఫీసులో అబద్ధం చెప్పినట్టు మనమే ఒప్పుకున్నట్టు, అంతా తిరగదోడతారు, జుల్మానా వేస్తారు, అంగడి మూతపడుతుంది, పరువు పోతుంది అన్నాడు. పిల్లలకేం కరువు, ఇంకో సంబంధం చూద్దాం అన్నాడు. నేను ఊరుకున్నాను.

శీనయ్య ఊరుకోలేదు. ఎవరికీ చెప్పకుండా జమ్మలమడుగు వెళ్లి పిల్ల తండ్రిని కలిశాడు. అప్పటి మా రోజుల్లో పెళ్లికొడుకు అట్లా వెళ్లడమే వింత. అక్కడినుంచి నేరుగా ఇంటికొచ్చాడు. నేను వసారాలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నాను. వాడు వచ్చి నా ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు.

"అమ్మా, నేను నీసు తింటాండానని ఎవురో చెప్పినారంట."

నేను తలెత్తలేదు. "ఎవురంట?" అన్నాను.

"పేరు చెప్పలేదు. ఇది బయటి మాట కాదప్పా, మీ ఇంటి లోపలినుంచి వచ్చిన మాటే అన్నాడు. ఇంటిలోపల ఉండేది నువ్వూ, నాయనా. ఇంగెవురుండారమ్మా?"

"నాకేం తెలుసు నాయనా. ఇంత ఊర్లో నోళ్లు శానా ఉంటాయి."

వాడు నా ముందున్న కుప్పలోంచి ఒక కాయ తీసుకుని ఒలవకుండా చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

"పోనీలే, జనం సంగతి వద్దు. నువ్వేమనుకుంటాండావు? తినుంటానని అనుకుంటాండావా?"

ఇక్కడ ఆగుతున్నాను. వాడు నన్ను అడిగింది ఆ ఒక్క మాటే. సంబంధం తెచ్చిపెట్టమనలేదు. ఎవరన్నారో తేల్చమని పట్టుబట్టలేదు. నువ్వు నమ్ముతున్నావా అన్నాడు, అంతే. లేదు నాయనా అంటే సరిపోయేది. ఎందుకనలేకపోయాను? అంటే వాడు, అయితే వచ్చి వాళ్లకు చెప్పు అంటాడేమోనని భయం. చెప్పడానికి పోతే మామ బయటికొస్తాడు, మామ బయటికొస్తే నేను బయటపడతాను. ఇదంతా అప్పుడే లెక్కకట్టానా, తర్వాత నాకు నేను చెప్పుకున్నానా? నిజంగా తెలియదు. వాడు మళ్లీ చెప్పమ్మా అన్నాడు. నా నాలుక మీదికి ఎప్పటిలాగే ఒక జవాబు వచ్చింది.

"బయట తిరిగే మొగపిల్లోళ్లు," అన్నాను. "ఇంట్లో కూర్చున్నోళ్లకు ఏం తెలుస్తాది?"

వాడు నా మొహంలోకి చూశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను ఏడ్చేసేదాన్ని, ఏడిస్తే నిజం చెప్పేసేదాన్నేమో. లేచి నిలబడి ఆ మూలనున్న పొయ్యి వైపు చూశాడు.

"సరే. అట్లయితే ఆ పొయ్యి తీయొద్దు. ఇంగమీదట నాకు దానిమిందే వండు. నీ వంటిల్లు నేనెందుకు మైలచేసేది?"

ఆరోజునుంచి వాడు నా వంటింటి గడప దాటలేదు. ఎప్పుడొచ్చినా వసారాలోనే కూర్చుంటాడు. నేను ఆ పొయ్యి మీద వండి, ఆ గిన్నెల్లోనే పెడతాను. కొన్నాళ్లకు ఆ మాట మా వాళ్లందరిలో పాకింది, పెళ్లిళ్లలో వాడికి పంక్తిలో చోటు ఇవ్వడానికి వెనకాడి గుసగుసలాడారు. ప్రాయశ్చిత్తం చేసుకుంటే సరిపోతుందని పెద్దలు అన్నారు. చేయని తప్పుకు ప్రాయశ్చిత్తం చేసుకోనని వాడు పెళ్లిళ్లకే పోవడం మానేశాడు. కన్నతల్లే నమ్మనప్పుడు నేను ఎవరి కాళ్లు పట్టుకోవాల అన్నాడట మేనత్తతో. ఆమె ఆ మాట తెచ్చి నాకు చెప్పి, నువ్వయినా వాడికి బుద్ధి చెప్పొదినా అంది.

నేను ఒక్కసారి ప్రయత్నం చేశాను. మా ఆయనకు చెప్పకుండా జమ్మలమడుగు బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. వాళ్ల వీధిలోకి వెళ్లేసరికి ఆ పిల్లే వాకిట్లో ఉంది. నన్ను చూసి ముందు తెల్లబోయింది. తర్వాత రాండత్తా అని లోపలికి పిలిచింది. అత్తా అంది. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. చెప్పాలంటే ఆ పిల్లకే చెప్పాలి. మంచినీళ్లు ఇచ్చి స్తంభం పక్కన నిలబడింది. నేను చుట్టాల ఇంటికి వచ్చానని, ఊరికే చూసి పోదామని వచ్చానని ఏదేదో వాగాను. లేచి వచ్చేస్తుంటే, ఆయన బాగున్నాడా అని మాత్రం అడిగింది. బాగున్నాడు అన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా ఏడ్చాను. తర్వాత ఆ పిల్లను పెద్దముడియం వైపు ఎవరికో ఇచ్చారని విన్నాను.

శీనయ్య పెళ్లి చేసుకోలేదు. వేరే సంబంధాలు వచ్చాయి. అవతలివాళ్లు వచ్చి విచారిస్తారు, ఎవరో ఒకరు ఆ సంగతి చెప్తారు, లేకపోతే వీడే వద్దంటాడు. చివరికి రావడమే మానేశాయి. గనిలోనే ఉండిపోయాడు. ఒకసారి వాడికి జ్వరమొస్తే నేను పులివెందుల వెళ్లాను. వాడి గదిలో ఒక కిరోసిన్ స్టవ్వు, పప్పు డబ్బా, పెరుగు ముంత, ఎండుమిరపకాయలు ఉన్నాయి. వాడితో పాటు పనిచేసే దస్తగిరి అనే అతను మందులు తెచ్చిచ్చాడు. మంచి హుషారైన మనిషి. మీ వాడితో మాకు శానా కష్టమమ్మా అని నవ్వాడు. మేము భోజనానికి కూర్చుంటే ఈయప్ప గిన్నె తీసుకుని చెట్టుకిందకు పోతాడు, వాసన కూడా పడదు, గుడ్డు పగలగొడితే లేచి పోతాడు, ఇన్నేళ్లయినా మాలో కలవలేదు అని చెప్పాడు. శీనయ్య అవతలి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మేలుకునే ఉన్నాడని నాకు తెలుసు. దస్తగిరి చెప్పింది నేను విన్నానని వాడికీ తెలుసు. అప్పుడైనా నేను ఒక మాట అనుండొచ్చు. వాడు దానికోసం ఎదురుచూశాడనే అనుకుంటాను. నేను కషాయం కాచడానికి లేచాను.

మా ఆయన తన చివరి రోజుల్లో ఒక పని చేసేవాడు. శీనయ్య వచ్చినప్పుడు తన కంచం తీసుకుని వసారాలోకి వెళ్లి, కొడుకు పక్కన కూర్చుని, ఆ రెండో పొయ్యి మీద వండిందే పెట్టించుకుని తినేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. శీనయ్య కూడా ఎందుకని అడగలేదు. ఆయనకు ఆమాత్రం ఓదార్పు దొరికింది. వడ్డించేదాన్ని కాబట్టి నాకు అదీ దొరకలేదు. ఆయన పోయాక, ఇక అంగడికి ఏమవుతుందనే భయం కూడా లేదు. అంగడే అమ్మేశాం. మామ ఎప్పుడో పోయాడు. నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. అయినా చెప్పలేదు. అంటే ఇన్నేళ్లూ ఆయన మీదికి నెట్టిన భయం నాదేనా? నా కొడుకు ముందు చిన్నబోతానని, వాడికి మిగిలిన ఈ కాస్త అమ్మ కూడా పోతుందని భయం. అంతకంటే గొప్ప కారణం ఎంత వెతికినా నాకు కనబడలేదు.

మొన్న వానలకు వసారా కప్పు కారింది. ఆ పొయ్యి తడిసి ఒక పక్క కూలిపోయింది. లోపల సంతోషించాను. వాడొచ్చాక, పొయ్యి పోయింది నాయనా, లోపలికి రా, అక్కడే పెడతాను అని చెప్పాలనుకున్నాను. దాని వెనకే మిగతాది కూడా చెప్పాలనుకున్నాను. వాడు వచ్చి చూశాడు. నేను నోరు తెరిచేలోపల గంప తీసుకుని బయటికెళ్లి ఎర్రమన్ను తెచ్చాడు. పంచె ఎగగట్టి, మన్ను తొక్కి, ఆ వయసులో మోకాళ్ల మీద కూర్చుని నా కళ్లముందే పొయ్యి మళ్లీ కట్టాడు. జుట్టు సగం తెల్లబడింది వాడికి. మధ్యమధ్యలో దగ్గుతున్నాడు. తడిచేత్తో అంచులు నున్నగా మెత్తి, నా వైపు తిరిగి, బాగుందా అమ్మా అని అడిగాడు.

బాగుంది అన్నాను.

వాడు వెళ్లిన మరుసటి రోజు ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఇది వాడికి చూపిస్తానా? చూపిస్తానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధమవుతుందేమో, అందుకని ఇవ్వను. నన్ను క్షమించమని కూడా అడగను. మీరు క్షమిస్తే నాకేం పనికొస్తుంది, పోగొట్టుకున్నది మీరు కాదు కదా. నేను చేయగలిగింది ఒక్కటే ఉంది. ఆరోజు వసారాలో వాడు అడిగినదానికి జవాబు, ఆలస్యంగానైనా, ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసిపెట్టడం. రాస్తుంటే గుండె మీది బరువు దించినట్టు ఊపిరి ఆడుతోంది.

నా కొడుకు ఎన్నడూ నీసు ముట్టలేదు. ఆ మాట పుట్టించింది నేను. వాడు నా ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు కూడా నాకు తెలుసు.